రిటైరైన పియానో ప్రొఫెసర్ పేరిట స్కాలర్‌షిప్ పెట్టాలంటే: ముందు ఆవిడనే అడగండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. హైదరాబాద్‌లో ట్రినిటీ గ్రేడ్లు పూర్తిచేసి, ఎఫ్‌-1 విద్యార్థి వీసా మీద అమెరికా వచ్చి, ఒక స్టేట్ యూనివర్సిటీలో పియానో పెడగాజీలో (బోధనా పద్ధతుల్లో) మాస్టర్స్ చేశారు. మీకు చదువు చెప్పిన పియానో ప్రొఫెసర్ గారు ఈ మే నెలలో రిటైరయ్యారు. పాత విద్యార్థులు ఇరవై మంది కలిసి ఆవిడ పేరిట స్కాలర్‌షిప్ పెడదామనుకున్నారు. 18,000 డాలర్ల దాకా మాటలొచ్చాయి. యూనివర్సిటీ వాళ్లేమో ఎండోమెంట్‌కి (శాశ్వత నిధికి) కనీసం 25,000 ఉండాలన్నారు. డబ్బు యూనివర్సిటీకే కట్టాలా, మనమే ఏటా ఒకరి చేతికిస్తే సరిపోదా, తెలుగు పిల్లలకే అందేలా రాయించుకోవచ్చా అన్నవి మీ ప్రశ్నలు.

సూటిగా చెబుతాను. యూనివర్సిటీ ఫౌండేషన్‌కే (విరాళాలు చూసే సంస్థకే) కట్టండి. 25,000 ఐదేళ్లలో పూర్తిచేస్తామని ఒప్పందం రాసుకోండి. అది పూర్తయ్యేదాకా ఆగకుండా, వచ్చే విద్యా సంవత్సరం నుంచే ఒక విద్యార్థికి అందేలా పక్కన చిన్న వార్షిక నిధి పెట్టండి. తెలుగు పిల్లలకే అన్న షరతు కుదరదు. వీటన్నిటికన్నా ముందు ప్రొఫెసర్ గారింటికి వెళ్లి, ఎలాంటి విద్యార్థికి ఈ డబ్బు అందాలో ఆవిడ నోటితోనే చెప్పించుకోండి. చాలామంది ఈ పని ఆఖర్న చేస్తారు, లేదా అసలు చేయరు.

నేను అమెరికా మిడ్‌వెస్ట్‌లో ఒక స్టేట్ యూనివర్సిటీ సంగీత విభాగంలో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. విద్యార్థుల రిసైటల్స్‌కి పియానో సహకారం ఇవ్వడం నా ఉద్యోగం, దాంతోపాటు స్కాలర్‌షిప్ కమిటీలో కూడా ఉంటాను. దాతలు ఫోటోలు దిగి ఇంటికెళ్లాక ఆ డబ్బు ఎటు పోతుందో, ఏ షరతు దగ్గర ఇరుక్కుంటుందో ప్రతి వసంతంలోనూ ఫైళ్లలో చూస్తాను. కింద రాసేదంతా ఆ అనుభవంతోనే.

చేతికివ్వడం ఎందుకు వద్దంటున్నానంటే

ఇరవై మంది కలిసి ఏటా ఒక పిల్లాడికి చెక్కు రాయడం తేలికే. కానీ అమెరికా పన్ను చట్టం దృష్టిలో అది వ్యక్తికిచ్చిన బహుమతి. 501(సి)(3) (లాభాపేక్షలేని ధార్మిక సంస్థ) హోదా ఉన్నచోటికి ఇస్తేనే విరాళం కింద పన్ను మినహాయింపు వస్తుంది. అంతకన్నా ముఖ్యమైనది మ్యాచింగ్. మీ ఇరవై మందిలో, వాళ్ల జీవిత భాగస్వాముల్లో, పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో పనిచేసేవాళ్లు తప్పకుండా ఉంటారు. అలాంటి కంపెనీలు చాలావరకు ఉద్యోగి ఇచ్చిన విరాళానికి సమానంగా తామూ ఇస్తాయి, కానీ సంస్థలకి ఇస్తేనే. మీరు చేతికిచ్చే ప్రతి డాలరుతోనూ ఆ రెండో డాలరుని వదులుకుంటున్నట్టే. మన తెలుగువాళ్లున్న బృందాల్లో ఈ ఒక్క దారిలోనే లోటు చాలావరకు పూడిపోవడం చూశాను.

ఇంకోటి, ఎవరు ఎంచుతారు? మొదటి ఏడాది అందరూ వాట్సాప్‌లో ఉత్సాహంగా ఓట్లేస్తారు. మూడో ఏటికి పిల్లల పెళ్లిళ్లు, ఉద్యోగాల మార్పులు, ఎవరి గొడవలో వాళ్లుంటారు. యూనివర్సిటీలో ఆ పని చూసే ఆఫీసు ఉంటుంది, ప్రతి ఫిబ్రవరిలోనూ దాన్ని గుర్తుచేసే క్యాలెండర్ ఉంటుంది. పైగా బయటినుంచి వచ్చిన ఏ స్కాలర్‌షిప్ అయినా విద్యార్థి ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసుకి చెప్పి తీరాలి. కాబట్టి నేరుగా ఇచ్చినంత మాత్రాన అది లెక్కల బయట ఉండదు.

లెక్క ఎలా నడుస్తుంది

ఎండోమెంట్ అంటే అసలు మొత్తాన్ని కదపకుండా పెట్టుబడిలో ఉంచి, ఏటా కొంత శాతం మాత్రం ఖర్చుచేసే నిధి. ఆ శాతం చాలా యూనివర్సిటీల్లో 4కీ 5కీ మధ్య ఉంటుంది. 25,000కి 4 శాతమంటే ఏడాదికి 1,000 డాలర్లు. మార్కెట్ ఒక్కసారి పెరిగినా తగ్గినా ఆ వెయ్యి ఊగిపోకుండా, సాధారణంగా గత మూడేళ్ల సగటు విలువ మీద లెక్క కడతారు.

నాలుగు శాతమేనా అని చాలామంది నిరుత్సాహపడతారు. మన యూనివర్సిటీల్లో పాత స్మారక బంగారు పతకాల సంగతి ఆలోచించండి. ఏనాడో బ్యాంకులో వేసిన కొద్ది వేల డిపాజిట్ వడ్డీతో ఈరోజు బంగారం కొనగలమా? వడ్డీ మొత్తం ఏటా ఖర్చుచేసి అసలుని పెరగనివ్వకపోతే జరిగేది అదే. నిధి సగటున 7 శాతం పెరిగి, 4 ఖర్చయితే, మిగతా 3 ధరల పెరుగుదలకి సరిపోతుంది. ముప్పై ఏళ్ల తర్వాత కూడా ఆవిడ పేరిట ఇచ్చే మొత్తానికి విలువుండాలంటే ఇదొక్కటే మార్గం.

మీకు తక్కువైంది 7,000. ఇరవై మంది తలా ఏడాదికి 70 డాలర్ల చొప్పున ఐదేళ్లు ఇస్తే సరిగ్గా అంతే. నెలకి ఆరు డాలర్ల లోపే. కాబట్టి 25,000 అన్న అంకె చూసి భయపడొద్దు. నన్నడిగితే భయపడాల్సింది ఆ 18,000 గురించే, ఎందుకంటే అది ఇంకా మాట మీదే ఉంది. ఫౌండేషన్ దగ్గర ప్లెడ్జ్ ఫారాలుంటాయి, అందరి చేతా సంతకాలు పెట్టించండి. అలాగే ఐదేళ్లలో 25,000 చేరకపోతే ఏమవుతుందో ఒప్పందంలో ముందే రాయించండి. ఆ వాక్యం లేకపోతే కొన్నిచోట్ల డబ్బు సాధారణ నిధిలో కలిసిపోయి, ఆవిడ పేరే కనబడకుండా పోతుంది. "చేరకపోతే ఆవిడ పేరుతోనే వార్షిక స్కాలర్‌షిప్‌గా అయిపోయేదాకా పంచాలి" అన్న ఒక్క మాట చాలు.

మీ ప్రొఫెసర్ గారి సహోద్యోగులు, ఆవిడ వయసువాళ్లు కూడా సాయం చేస్తామంటే ఒక విషయం చెప్పండి. 70 ఏళ్ల ఆర్నెల్లు దాటినవాళ్లు తమ ఐఆర్‌ఏ (రిటైర్మెంట్ పొదుపు) ఖాతా నుంచి నేరుగా ఫౌండేషన్‌కి పంపితే ఆ మొత్తం వాళ్ల ఆదాయం కింద లెక్కకి రాదు. రిటైరైన అధ్యాపకుల నుంచి వచ్చే పెద్ద విరాళాలు మా దగ్గర ఎక్కువగా ఈ దారిలోనే వస్తాయి.

మొదటి ఏడాది ఎండోమెంట్ నుంచి చేతికేమీ రాదు, చాలాచోట్ల నిధి నిండాక కూడా ఒక పూర్తి సంవత్సరం గడవాలి. 2008లో మార్కెట్ కుప్పకూలినప్పుడు అప్పుడే పెట్టిన నిధులు అసలుకన్నా కిందికి పడిపోయాయి, కొన్ని యూనివర్సిటీలు అలాంటి నిధుల నుంచి ఇవ్వడమే ఆపేశాయి. అందుకే పక్కన వార్షిక నిధి పెట్టమన్నాను. ఏడాదికి 1,000 నేరుగా ఖర్చుకిచ్చేయండి, అది ఎండోమెంట్‌లో కలవదు. ఆవిడ ఆరోగ్యంగా ఉన్నప్పుడే, మొదటి విద్యార్థి వాయిస్తుంటే ముందు వరసలో కూర్చుని వినాలి కదా. ఐదేళ్లు ఆగి ఈలోగా ఏదైనా జరిగితే మీ ఇరవై మందికీ ఆ లోటు తీరదు.

వెయ్యి డాలర్లతో ఏమవుతుందని మీ బృందంలో ఒకరన్నారని రాశారు. ఫిలడెల్ఫియాలో కర్టిస్ ఇన్‌స్టిట్యూట్ 1928 నుంచీ ట్యూషన్ తీసుకోవడం లేదు. యేల్ స్కూల్ ఆఫ్ మ్యూజిక్‌కి 2005లో 10 కోట్ల డాలర్ల విరాళమొస్తే అక్కడా ట్యూషన్ ఎత్తేశారు. అలాంటి చోట వెయ్యి కనబడకపోవచ్చు. స్టేట్ యూనివర్సిటీలో పియానో చదివే పిల్లల జేబు వేరు. బీథోవెన్ సొనాటాల హెన్లె ఎడిషన్ స్వరలిపి సంపుటాలు, వేసవి ఫెస్టివల్ దరఖాస్తు రుసుం, మాస్టర్స్ ఆడిషన్ల కోసం జనవరి, ఫిబ్రవరిల్లో రెండు మూడు ఊళ్లు తిరిగే విమానం ఖర్చు, అక్కడ హోటల్. ఆ విమానం టికెట్ కొనలేక మంచి స్కూలుకి దరఖాస్తే పెట్టని పిల్లలు నాకు తెలుసు.

అసలు కీలకం: ఎవరికివ్వాలో రాసే పేరా

గిఫ్ట్ అగ్రిమెంట్‌లో డబ్బు గురించి రెండు పేజీలుంటే, ఎవరికివ్వాలన్న దాని గురించి నాలుగు వాక్యాలుంటాయి. అందరూ మొదటి రెండు పేజీలే చదువుతారు. ఆ నాలుగు వాక్యాలే ముప్పై ఏళ్లు నడుస్తాయి.

దాతల్లో ఎక్కువమంది మొదట రాసేది "ప్రతిభలో అగ్రస్థానంలో ఉన్న పియానో విద్యార్థికి" అని. వినడానికి బాగుంటుంది. కానీ అగ్రస్థానంలో ఉన్నవాళ్లకి ఆడిషన్ రోజునే విభాగం డబ్బిస్తామంటుంది. బాఖ్ ప్రెల్యూడ్, ఫ్యూగ్ ఒకటి, బీథోవెన్‌దో హైడన్‌దో సొనాటా, ఒక రొమాంటిక్ రచన చూడకుండా వాయించి అందరినీ మెప్పించిన కుర్రాడికి ఏటా ఆరు వేలిస్తామని ఉత్తరం వెళ్తుంది. మీ స్కాలర్‌షిప్ తర్వాత అదే కుర్రాడికి వస్తుంది, నిజమే. కాకపోతే ఆరు వేలల్లో వెయ్యి మీ నిధి నుంచి తీస్తారు, మిగతా ఐదు వేలు విభాగం నుంచి. కుర్రాడికి అందేది ఆరు వేలే. మిగిలింది విభాగం బడ్జెట్‌కి.

ఇందులో మోసమేమీ లేదు. ఆ మిగిలిన వెయ్యితో విభాగం ఇంకొకరిని తీసుకోగలదు. కానీ మీ ఉద్దేశం అదేనా? కాకపోతే "ఇప్పటికే ఇస్తామన్న సాయానికి అదనంగా" అన్న మాట పెట్టమని అడగండి. కొన్ని యూనివర్సిటీలు ఒప్పుకోవు. ఒప్పుకోకపోతే చేరేటప్పుడు కాకుండా, రెండో ఏడాది పూర్తయ్యాక చదువుతున్నవాళ్లకే ఇవ్వాలని రాయించండి. దాదాపు అదే ఫలితం వస్తుంది, పైగా అప్పటికి కమిటీకి ఆ విద్యార్థి ఎలాంటివాడో తెలుస్తుంది.

ఒక సందర్భం చెబుతాను. మా దగ్గర రిటైరైన ఒక పియానో ప్రొఫెసర్ పేరిట నిధి పెట్టేటప్పుడు విద్యార్థులు "అత్యుత్తమ సోలో ప్రదర్శన" అని రాసుకొచ్చారు. చివరి నిమిషంలో ఎవరో ఆయన్నే అడుగుదామన్నారు. ఆయన వద్దన్నారు. పోటీల్లో గెలిచేవాళ్లకి బహుమతులు ఎలాగూ వస్తాయి, మిగతా అందరికీ పక్కన కూర్చుని వాయించే పిల్లలకి ఏమొస్తుంది, వాళ్లకివ్వండి అన్నారు. ఆ మాట వినగానే కమిటీలో మా అందరికీ ఒకేలాంటి పిల్లలు కళ్లముందు కనిపించారు.

డిసెంబర్ మొదట్లో జ్యూరీల (సెమిస్టర్ చివరి వాద్య పరీక్షల) రోజు మా భవనంలోకి వస్తే మీకూ కనబడతారు. ఆ అమ్మాయి పొద్దున్న ఎనిమిదింటికే వస్తుంది. చేతిలో నల్లటి రింగ్ బైండర్, అందులో జిరాక్స్ పేజీలు, పేజీ తిప్పే చోట కింది మూల ముందే మడిచిపెట్టి ఉంటుంది. మొదట ఒక ట్రంపెట్ కుర్రాడికి హిందెమిత్ సొనాటా. అందులో పియానో భాగం ట్రంపెట్ కన్నా కష్టం. బయటికొచ్చేలోపే గొంతు పట్టేసిందని ఒక సొప్రానో బతిమాలుతుంది, షూబర్ట్ పాట అప్పటికప్పుడు శ్రుతి తగ్గించి వాయిస్తుంది. తర్వాత మోజార్ట్ క్లారినెట్ కన్చెర్టో, ఆర్కెస్ట్రా మొత్తం తన పది వేళ్ల మీదే. తన సొంత జ్యూరీ మధ్యాహ్నం మూడింటికి. అప్పటికి చేతులు బరువెక్కిపోయి ఉంటాయి. పొద్దున్నుంచీ ఒక్క తన పాఠమే సాధన చేసుకుని వచ్చిన కుర్రాడికి ఆ రోజు ఆమె కన్నా మార్కులెక్కువ పడతాయి. "జ్యూరీలో అత్యధిక మార్కులు" అని మీ ఒప్పందంలో రాసుంటే మా కమిటీ చేతులు కట్టేసినట్టే.

మీ ప్రొఫెసర్ గారు ఇంకేదైనా చెప్పొచ్చు. పెడగాజీ నేర్పినావిడ కాబట్టి, ఊళ్లో చిన్నపిల్లలకి పాఠాలు చెప్పే విద్యార్థికి ఇవ్వమనవచ్చు. పియానో ప్రధానం కాకపోయినా ప్రతి సంగీత విద్యార్థీ పియానో ప్రొఫిషియన్సీ పరీక్ష దాటాలి కదా. ఆ క్లాస్ పియానో గదిలో హెడ్‌ఫోన్లు పెట్టుకుని రెండేళ్లు కుస్తీపట్టే ట్రాంబోన్ పిల్లాడి గురించి ఆవిడకి బెంగ ఉండొచ్చు. ఆవిడ ఏది చెప్పినా అది మీరు ఊహించి రాసేదానికన్నా మేలైనదే అవుతుందని నా నమ్మకం. ముప్పై నలభై ఏళ్లు ఆ గదిలో కూర్చున్నది ఆవిడ.

చిన్న షరతులు, పెద్ద చిక్కులు

ఫాఫ్సా (ప్రభుత్వ ఆర్థిక సాయానికి పెట్టే దరఖాస్తు) ఆధారంగా ఆర్థిక అవసరం చూడాలి అన్న వాక్యం దాదాపు ప్రతి నమూనాలోనూ ఉంటుంది. న్యాయంగానే అనిపిస్తుంది. కానీ ఎఫ్‌-1 మీద వచ్చినవాళ్లు ఫాఫ్సా సాయానికి అర్హులు కారు. అంటే మీరు చదువుకున్న రోజుల్లో ఈ స్కాలర్‌షిప్ ఉండుంటే మీకే వచ్చేది కాదు. "ఫాఫ్సా ద్వారా గానీ, విభాగానికి విద్యార్థి రాసిచ్చిన వివరణ ద్వారా గానీ" అని మార్పించండి.

ప్రతి సెమిస్టర్‌లోనూ 12 క్రెడిట్లు, పియానో పాఠం తప్పనిసరి అన్నది ఇంకోటి. పియానో వాళ్లకి మణికట్టు, ముంజేయి నొప్పులు ఎంత మామూలో మీకు తెలుసు. ఒక ఏడాది మా విద్యార్థిని ఒకరికి డాక్టరు ఒక సెమిస్టర్ పాటు వాద్యం ముట్టుకోవద్దన్నారు. ఆమె థియరీ, చరిత్ర క్లాసులు చేసుకుంటూనే ఉంది. స్కాలర్‌షిప్ మాత్రం ఆగిపోయింది, ఎందుకంటే "ప్రతి సెమిస్టర్ పియానో పాఠంలో నమోదై ఉండాలి" అని ఉంది. డబ్బు ఎక్కువ అవసరమైన సమయంలోనే అది చేయి జారింది. వైద్య కారణాలతో ఒక సెమిస్టర్ విరామం తీసుకుంటే స్కాలర్‌షిప్ అలాగే ఉంచాలన్న ఒక వాక్యం ఉంటే ఆ పిల్లకి ఆ కష్టం వచ్చేది కాదు. మీరు తప్పకుండా పెట్టించండి.

"ట్యూషన్‌కి మాత్రమే" అన్న మాట కూడా నాకు నచ్చదు. ఘంటసాల విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో చదివిన రోజులు మనకి తెలిసిందే. చదువు దొరికింది, పట్రాయని సీతారామశాస్త్రి గారు దగ్గరుండి విద్య నేర్పారు. ఆకలి తీర్చుకోవడానికి మాత్రం ఇల్లిల్లూ తిరిగి మధుకరం ఎత్తాల్సి వచ్చింది. ఫీజు కట్టేసినంత మాత్రాన విద్యార్థి కడుపు నిండదన్నది మన సంగీత లోకానికి ఎవరూ చెప్పనక్కర్లేదు. "విద్యకి సంబంధించిన ఖర్చులు" అని విశాలంగా రాయించండి. ఒక్క జాగ్రత్త: ట్యూషన్, తప్పనిసరి ఫీజులు, పుస్తకాలకి వాడిన భాగానికే పన్నుండదు. గదికీ తిండికీ పోయిన భాగం విద్యార్థి ఆదాయం కింద లెక్క, ఎఫ్‌-1 వాళ్లకైతే ఆ భాగం మీద మామూలుగా 14 శాతం ముందే పట్టుకుంటారు. ఆ నష్టం ఉన్నా సరే, ఎంపిక విద్యార్థికే వదిలెయ్యడం మంచిదంటాను.

"పియానో పెర్ఫార్మెన్స్ మేజర్" అని మరీ ఇరుకుగా రాయొద్దు. ఈ మధ్య చిన్న యూనివర్సిటీలు సంగీతంలో డిగ్రీలు ఒక్కోటీ మూసేస్తున్నాయి. "పియానో, కొలాబరేటివ్ పియానో (సహకార వాద్యం), పెడగాజీ, లేదా పియానో ప్రధాన వాద్యంగా సంగీత విద్య చదివేవారు" అంటే ఒకటి మూతపడ్డా ఇంకొకటి ఉంటుంది. అదీ చాలకపోతే ఏం చేయాలన్న వాక్యం వేరే ఉండాలి: ఆ విభాగమే లేకపోతే ఆవిడ ఉద్దేశానికి దగ్గరగా ఉన్న సంగీత విద్యార్థికి. ఫలానా కౌంటీలో పుట్టి, ఫలానా హైస్కూల్లో చదివి, పియానో ప్రధానంగా తీసుకున్న అమ్మాయికి అని రాసిన నిధి ఒకటి నాకు తెలుసు. ఏళ్ల తరబడి ఎవరూ అర్హులు దొరక్క డబ్బు పేరుకుపోతూనే ఉంది. దాత పోయారు, అడిగేవాళ్లు లేరు. 2006లో వచ్చిన యూపీమిఫా (సంస్థల నిధుల నిర్వహణ) నమూనా చట్టాన్ని దాదాపు అన్ని రాష్ట్రాలూ తమ చట్టంగా చేసుకున్నాయి. ఆ నమూనా ప్రకారం 25,000 లోపు ఉండి ఇరవై ఏళ్లు దాటిన నిధి షరతుల్ని, అటార్నీ జనరల్‌కి తెలియజేసి, సంస్థే సడలించుకోవచ్చు. అంతకు మించితే కోర్టు దాకా పోవాల్సి రావచ్చు. ఇప్పుడు ఒక వాక్యం రాసుకుంటే ఆ తంటా ఉండదు.

తెలుగు పిల్లలకే ఇవ్వాలనుకుంటే

ఆ కోరిక వెనక ఉన్న అభిమానం నాకు అర్థమవుతుంది. మన పిల్లల్లో పియానోని పదో తరగతి దాకా నేర్చుకుని, కాలేజీకి రాగానే మూత దించేసేవాళ్లే ఎక్కువ. ఒక్కరైనా డిగ్రీగా తీసుకుంటే వెన్నుతట్టాలనిపించడం సహజం. కానీ ప్రభుత్వ నిధులు తీసుకునే ఏ విద్యాసంస్థా జాతి, రంగు, జాతీయ మూలం ఆధారంగా వివక్ష చూపకూడదని 1964 పౌరహక్కుల చట్టంలోని ఆరో భాగం చెబుతుంది. 2023 జూన్ 29న హార్వర్డ్, నార్త్ కరోలినా కేసుల్లో జాతిని చూసి సీట్లివ్వకూడదని సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు అడ్మిషన్ల గురించే అయినా, ఆ తర్వాత చాలా యూనివర్సిటీలు స్కాలర్‌షిప్ షరతుల్నీ ఒక్కొక్కటిగా తిరగేసి ఇలాంటివి తీసేశాయి. మీరు రాసిచ్చినా లీగల్ ఆఫీసు వెనక్కి పంపుతుంది, రెండు మూడు నెలలు వృథా.

అదే మీ పట్టుదలైతే తానా, ఆటా లాంటి తెలుగు సంఘాల ఫౌండేషన్లతో మాట్లాడి అక్కడ వేరే ఏర్పాటు చేసుకోండి. ప్రొఫెసర్ గారి పేరిట ఉన్నదాన్ని మాత్రం అందరికీ తెరిచి ఉంచండి. ఆవిడ మిమ్మల్ని ఎక్కడినుంచి వచ్చావని చూసి తీసుకోలేదు కదా.

ఎంపికలో మీ పాత్ర

దాతలే విద్యార్థిని ఎంచుకుంటే అది విరాళమని చెప్పుకోవడం కష్టం. కమిటీలో దాతలకి పైచేయి ఉండకూడదు, చాలా యూనివర్సిటీలు అసలు కూర్చోనివ్వవు కూడా. విద్యార్థుల రికార్డుల గోప్యతకి సంబంధించిన 1974 ఫెర్పా చట్టం ప్రకారం విద్యార్థి అనుమతి లేకుండా మార్కులు, ఫైళ్లు మీకు చూపించరు. ఇది మీమీద నమ్మకం లేక కాదు, బాధపడొద్దు. మీరు అడిగి తీసుకోగలిగినవి రెండున్నాయి: ఏటా నిధి విలువ, ఎంత ఇచ్చారు అన్న నివేదిక ఒకటి, ఎంపికైన విద్యార్థి రాసిన ఉత్తరం ఒకటి. ఆ ఉత్తరం ప్రొఫెసర్ గారికీ ఒక ప్రతి పంపాలని రాయించండి. ఫౌండేషన్ వాళ్లు డబ్బు కట్టినవాళ్లకే పంపుతారు, ఎవరి పేరు పెట్టారో వాళ్లకి పంపాలన్నది చాలాచోట్ల ఎవరికీ తట్టదు.

ఆవిడ అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. పేరు ఎలా ఉండాలో అడగండి, కొందరు తమ గురువు పేరు కూడా కలపమంటారు. కుటుంబానికి ముందే చెప్పండి. రహస్యంగా ఉంచి రిటైర్మెంట్ విందులో ప్రకటించడం చూడ్డానికి బాగుంటుంది కానీ, అప్పటికే రాసేసిన షరతుల్ని నలుగురి ముందు ఆవిడ కాదనలేరు.

సమయం విషయానికొస్తే, చాలా యూనివర్సిటీల ఆర్థిక సంవత్సరం జూన్ 30తో ముగుస్తుంది. ఒప్పందం చిత్తుప్రతి నుంచి సంతకాల దాకా కొన్ని వారాలు పడుతుంది. ఆడిషన్లు జనవరి, ఫిబ్రవరిల్లో, కమిటీ కూర్చునేది మార్చిలో. వచ్చే ఏడాది విద్యార్థికి అందాలంటే ఈ శరదృతువులోనే సంతకాలు అయిపోవాలి. అందుకని మొదట ఆవిడ దగ్గరికి, తర్వాత విరాళాల పని చూసే డెవలప్‌మెంట్ ఆఫీసర్ దగ్గరికి. ఆఫీసర్‌ని అడగాల్సినవి: ఖర్చు శాతం ఎంత, నిర్వహణ రుసుం ఎంత (ఏడాదికి ఒక శాతం చుట్టుపక్కల తీసుకునేవి చాలా ఉన్నాయి), నిధి విలువ అసలుకన్నా కిందికి పడితే ఇవ్వడం ఆపుతారా, మా డబ్బు ఇప్పటికే ఇస్తామన్నదాని స్థానంలో పోతుందా, అదనంగా వెళ్తుందా. ఆఖరి ప్రశ్న అడిగినప్పుడు ఆయన కాస్త తడబడితే తప్పు పట్టకండి, దాతలు ఆ ప్రశ్న అడగడం అరుదు.

హైదరాబాద్ తిరిగి వెళ్లిపోయిన మీ స్నేహితురాలు కూడా ఇవ్వాలనుకుంటున్నారన్నారు. రిజర్వ్ బ్యాంక్ ఎల్‌ఆర్‌ఎస్ పథకం (విదేశాలకి డబ్బు పంపే ఏర్పాటు) కింద బ్యాంకు ద్వారా విరాళంగా పంపవచ్చు, ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల పరిమితి కాబట్టి ఇబ్బందేమీ లేదు. కాకపోతే విదేశీ యూనివర్సిటీకి ఇచ్చినదానికి అక్కడ 80జి ఆదాయపన్ను మినహాయింపు రాదు. ఆమె వాటా ఏటా పంపే బదులు ఒకేసారి పంపితే బ్యాంకు ఛార్జీలు కలిసొస్తాయి.

చిత్తుప్రతి చేతికొచ్చాక పేర్లు తీసేసి ఇక్కడ పెట్టండి. అర్హతల పేరా, నిధి నిండకపోతే అన్న పేరా, విభాగం లేకపోతే అన్న పేరా, ఈ మూడూ ఉంటే చాలు. చదివి ఎక్కడ ఇరుక్కుంటుందో చెబుతాను.